ప్రతిభకు ఓడ ఛార్జీ ఎవరిచ్చారు?

యల్లాప్రగడ సుబ్బారావు కథను నేను మొదట బడిలో మా మాస్టారు చెప్పగా విన్నాను. ఒక పేద పిల్లవాడు, అతని పట్టుదల, అమెరికా ప్రయాణం, లోకానికి ప్రాణదానం చేసిన మందులు. ఇంతే ఆ కథ. అందులో మావాడు ఒకరున్నారన్న సంగతి నలభై ఏళ్లు దాటాక గాని నాకు తెలియలేదు. గోదావరి సముద్రంలో కలిసే తావున, వేట మీద బతికే కుటుంబంలో పుట్టినవాణ్ణి నేను. మా ఇళ్లలో ఓడ అంటే కూలికి వెళ్లే దారి. చదువుకోవడానికి కూడా ఓడ ఎక్కుతారని, ఆ ఓడకు అయ్యే డబ్బు ఒకోసారి మావాళ్ల చెమట నుంచే వస్తుందని మాకెవరూ చెప్పలేదు.

ఈ మధ్య నా పాత విద్యార్థిని ఒకామె ఇంటికి వచ్చింది. తండ్రి మరపడవ మీద కూలీ. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరుగుతుంది. ఆ అమ్మాయి అమెరికాలో పేరున్న నాలుగు విశ్వవిద్యాలయాలకు జీవరసాయన శాస్త్రంలో పరిశోధన కోసం దరఖాస్తు చేసుకోవాలనుకుంటోంది. దరఖాస్తుతో పాటు తన గురించి తాను రాసుకోవలసిన వ్యాసం నాకు చూపించింది. భాష బాగుంది, చేసిన ప్రయోగాల వివరమూ బాగుంది. కాని తండ్రి వృత్తి అందులో లేదు. ఇంటర్మీడియట్ ఒకసారి తప్పిన సంగతీ లేదు. అవి రాస్తే తన కాగితాలను పక్కన పెట్టేస్తారని ఆమె భయం. రాయాలా వద్దా మాస్టారూ అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒక వారం గడువు అడిగి సుబ్బారావు జీవితాన్ని మళ్లీ చదివాను.

1895 జనవరి 12న భీమవరంలో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబంలో ఆయన పుట్టారు. ఏడుగురు సంతానంలో నాలుగోవారు. తండ్రి జగన్నాథం చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంట్లో లేమి ఎంతటిదంటే, పదమూడేళ్ల వయసులో ఆ పిల్లవాడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెనక్కు రప్పించి మళ్లీ బడికి పంపింది. తండ్రి పోయాక ఒంటిమీది బంగారం అమ్మి చదివించింది. ఆ చదువైనా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు.

ఈ వైఫల్యాన్ని మన జీవితచరిత్రల్లో పట్టుదలకు నిదర్శనంగా చెబుతారు. నాకు అభ్యంతరం లేదు. కాని ఒక ప్రశ్న మాత్రం వేస్తాను. రెండుసార్లు తప్పిన దళిత విద్యార్థి గురించి, మత్స్యకారుల పిల్లవాడి గురించి మన కళాశాలల స్టాఫ్ రూముల్లో ఏమనుకుంటారు? అక్కడ అదే వైఫల్యం ప్రతిభ లేమికి రుజువవుతుంది, రిజర్వేషన్ మీద విమర్శకు సరుకవుతుంది. తప్పిన పరీక్ష ఒకటే. దాన్ని చదివే పద్ధతి మాత్రం కులాన్ని బట్టి మారిపోతుంది.

సుబ్బారావు పేదరికం కల్పన కాదు. దాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశమూ కాదు. అయితే పేదరికం వేరు, తలుపు తట్టే అర్హతే లేకపోవడం వేరు. ఆయనకు డబ్బు లేదు కాని, అడగడానికి మనుషులున్నారు. చదువు ఇంటి సంప్రదాయంగా ఉన్న బంధువర్గం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. ఆమె అనుమతి లేనిదే చేర్చుకోబోమని మఠం పెద్దలూ చెప్పారు. వైద్యం చదివినా సేవ చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు ఆదుకున్నారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా అండనిచ్చారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడారు.

అవి గాంధీ పిలుపు విద్యార్థులను కదిలిస్తున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. ఆంగ్లేయుడైన సర్జరీ ప్రొఫెసర్‌కు అది కంటగింపయింది. మిగిలిన పాఠ్యాంశాల్లో బాగా రాసినా, చివరకు చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు, దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో కుదురుకున్నారు. మార్కులు వేసే చేతికి ఇష్టాయిష్టాలుంటాయని, విద్యార్థి కట్టిన బట్టను చూసి కూడా కొలత మారుతుందని ఆయనకు అనుభవంలో తెలిసింది. మా పిల్లలకు ఇది ఇంటిపేరు చెప్పినప్పుడల్లా తెలుస్తూనే ఉంటుంది.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో మరణించారు. తిన్నది పేగులకు ఇమడక, రక్తం పాలిపోయి మనిషి కృశించిపోయే రోగమది. ఆనాటికి దానికి సరైన మందు లేదు. సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. ఉష్ణమండల వ్యాధుల గుట్టు తెలుసుకోవాలన్న కోరిక ఆయనలో అక్కడే నాటుకుంది. ఆ శాస్త్రాన్ని ప్రత్యేకంగా బోధించే పాఠశాల అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. దరఖాస్తు చేశారు. సీటు వచ్చింది కాని స్కాలర్‌షిప్ రాలేదు. మూడుసార్లకు మెట్రిక్ గట్టెక్కి, చిన్న పట్టాతో, సర్కారు కొలువు దొరకని మనిషి చేతిలో ఆ అంగీకార పత్రం. ప్రయాణానికి మాత్రం పైసా లేదు.

మామగారు కొంత సమకూర్చారు. రెండో హామీ కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ నుంచి వచ్చింది. సుబ్బారావు కథ చెప్పేవారు ఈ పేరును ఒక వాక్యంలో దాటేస్తారు. నేను ఇక్కడ ఆగుతాను.

సత్యలింగ నాయకర్ మత్స్యకార కులంలో పుట్టినవారు. గౌతమీతీరంలోని కోరంగి ఒకప్పుడు గొప్ప ఓడరేవు. అక్కడి నుంచి వేల మంది తెలుగు కూలీలు బంగాళాఖాతం దాటి బర్మా వెళ్లారు. బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరు స్థిరపడిపోయింది. రంగూన్ రేవులో మూటలు మోసినవారు, ధాన్యపు మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు వాళ్లే. నాయకర్ కూడా అలా వెళ్లినవారే. రేవులో ఓడలకు సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టులతో పెద్ద సంపద గడించారు. ఆ సంపదను చదువు కోసం, అన్నదానం కోసం ధర్మనిధిగా వదిలివెళ్లారు. అదే ఎమ్మెస్సెన్ ఛారిటీస్. సుబ్బారావు ఓడ ఎక్కేనాటికి ఆయన ఈ లోకంలో లేరు.

ఈ రెండు వలసలను నేను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒక ఓడ కోరంగి కూలీలను రంగూన్‌కు మోసుకుపోయింది. ఆ కూలీల మూపుల మీద పేరుకున్న ధనం తిరిగి కాకినాడ చేరింది. ఆ ధనం మాట మీద, దూరాన ఉన్న బోస్టన్‌కు ఒక నియోగి బ్రాహ్మణ యువకుడు మరో ఓడలో వెళ్లాడు. మూటలు మోసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. సముద్రం దాటితే కులం చెడుతుందని శాస్త్రం చెప్పిన సమాజంలో, సముద్రాన్నే బతుకుగా చేసుకున్న కులం ఒక బ్రాహ్మణుడి ప్రయాణానికి పూచీ పడింది. సుబ్బారావు ఆ చేయిని కాదనలేదు. అది ఆయన గొప్పతనం. ఆ చేయి ఎవరిదో మనం మరచిపోవడం ఆయన తప్పు కాదు, మనది.

1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్ చేరారు. తెచ్చుకున్న పట్టాకు అక్కడ విలువ లేదు. వైద్యుడిగా పనిచేసే వీలు లేకపోవడంతో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి శుభ్రం చేయడం, పక్కలు సర్దడం ఆ పని. పగలు హార్వర్డ్‌లో పాఠాలు. మన దేశంలో ఆ పాత్రలు ఎత్తే పని ఏ కులానికి అంటగట్టారో చెప్పనక్కర లేదు. ఇక్కడైతే ఆయన జీవితంలో ఒక్కసారైనా ఆ పని చేయవలసి వచ్చేది కాదు. అక్కడ కడుపు కోసం చేశారు, సిగ్గుపడకుండా చేశారు. ఒక పని మనిషికి పుట్టుకతో అంటుకుని ఉండదని, అవసరం మారితే ఎవరైనా చేయగలరని చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తోచదు. తేడా ఒక్కటే. ఆయనకు ఆ పని కొన్నాళ్ల మజిలీ. ఇక్కడ కొందరికి అది తరతరాల శిక్ష.

అమెరికా మాత్రం సమానత్వపు నేలేమీ కాదు. 1917 నాటి వలస చట్టం భారతీయ శ్రామికుల రాకను నిషేధించింది. విద్యార్థులకు మాత్రమే సందు విడిచింది. కూలీగా వస్తే మూసుకునే తలుపు, చదువు పేరిట వస్తే కొంచెం తెరుచుకునేది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పంజాబు నుంచి వెళ్లిన థిండ్ తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణని, అందుచేత తెల్లవాడి కిందే లెక్కని వాదించారు. కింది కులాలతో పెళ్లి సంబంధాలు కలుపుకోకపోవడాన్నే రక్తశుద్ధికి సాక్ష్యంగా ఆయన పక్షం కోర్టు ముందు పెట్టింది. కులాన్ని చూపి జాతివివక్ష నుంచి తప్పించుకోవాలన్న ఆ ప్రయత్నం ఫలించలేదు. సామాన్య అమెరికన్ దృష్టిలో హిందువు తెల్లవాడు కాడని కోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయులు సైతం దాన్ని కోల్పోయారు. నిచ్చెనలో పై మెట్టు మీద నిలబడ్డానన్న ధీమా మరో నిచ్చెన ముందు చెల్లలేదు.

హార్వర్డ్‌లోనూ ఆ రోజుల్లో ఒక వివాదం నడిచింది. డిగ్రీ తరగతుల్లో యూదు విద్యార్థులు ఐదోవంతు దాటారు. వారిలో చాలామంది వలస వచ్చిన పేదల పిల్లలు. పరీక్షలు రాసి, మార్కులు తెచ్చుకుని సీట్లు గెలుచుకున్నవారు. 1922లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లోవెల్ వారి సంఖ్యను 15 శాతానికి కుదించాలని ప్రతిపాదించారు. బాహాటంగా కోటా పెట్టడానికి అధ్యాపకులు ఒప్పుకోలేదు. దాంతో మరికొన్నేళ్లలో ప్రవేశాలకు శీలం, వ్యక్తిత్వం వంటి కొత్త కొలతలు చేరాయి. దరఖాస్తుకు ఫొటో జతచేయమన్నారు. యూదుల సంఖ్య తగ్గింది. మార్కులే ప్రతిభ అన్నవారు, ఆ మార్కులు అనుకోనివారికి వచ్చేసరికి ప్రతిభకు నిర్వచనం మార్చారు. విద్యార్థి తన గురించి వ్యాసం రాసుకోవలసిన నేటి పద్ధతికి మూలాల్లో ఒకటి ఇక్కడుంది. నా విద్యార్థిని చేతిలోని కాగితానికి వందేళ్ల చరిత్ర ఉంది.

ఈ వాతావరణంలోనే సుబ్బారావు పని చేశారు. డిప్లొమా పూర్తిచేసి సైరస్ ఫిస్కె ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించి 1925లో ప్రకటించారు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. జీవకణం శక్తిని ఏ రూపంలో దాచుకుని ఖర్చుచేస్తుందో ఈ పరిశోధనలు తేటపరిచాయి. 1930లో హార్వర్డ్ ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది. అదే 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. వందకు పైగా ప్రాణాలు పోయాయి. మన చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు సంఘటనలు ఒకే పుటలో ఎన్నడూ కనబడవు. నా దృష్టిలో వాటి చోటు ఒకే పుట.

హార్వర్డ్ ఆయనకు పట్టా ఇచ్చింది గాని శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ సమీపాన పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలో వచ్చిన ఫలితాలు ఒక జీవితానికి మించినవి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు అదే మందయింది. దీని వెనుకా ఒక శ్రామిక కథ ఉంది. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే నిరుపేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. వారి తిండిలో ఏదో లోపించిందని, ఈస్టు సారంతో అది తీరుతోందని కనిపెట్టారు. ఆ తెలియని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. ఈ రోజు మా పేటలో ఆశా కార్యకర్త ప్రతి గర్భిణికీ అందించే ఐరన్ మాత్రలో ఉన్నది అదే.

బోదకాలుకు వాడే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చిందే. గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని పేట మా చిన్నప్పుడు అరుదు. ఆ మాత్రలు పంచడానికి వచ్చిన ఆరోగ్య సిబ్బంది చుట్టూ మేము మూగేవాళ్లం. రక్తక్యాన్సర్ పిల్లలకు తొలిసారి ఊరటనిచ్చిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ అక్కడే పుట్టాయి. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాల నుంచి 1948లో వెలువడింది. ఆ ఏడాదే ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గుండె ఆగి మరణించారు. భారతీయులకు పౌరసత్వపు హక్కు, ఏడాదికి 100 మంది వలసకు అనుమతి ఇస్తూ 1946లో చట్టం వచ్చినా, ఆయన ఆ దేశ పౌరుడు కాకుండానే వెళ్లిపోయారు.

ఇక్కడ ఇంకొకరి పేరు చెప్పకపోతే లెక్క తప్పుతుంది. చదువు ముగించుకొని వస్తానని వెళ్లిన భర్తను శేషగిరి మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తల్లి అమ్ముకున్న నగలు, మామగారి సొమ్ము, కూలీల చెమట, భార్య ఒంటరితనం - ఒక మేధావి తయారు కావడానికి ఇందరు మూల్యం చెల్లించారు. వీటిని తీసేసి మిగిలినదాన్ని ప్రతిభ అని పిలుస్తున్నాం.

అంబేడ్కర్ జీవితం పక్కన పెడితే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనం ఇస్తే 1913లో ఆయన కొలంబియాకు వెళ్లగలిగారు. ఆగిపోయిన లండన్ చదువును 1920లో తిరిగి మొదలుపెట్టడానికి సొంతంగా కూడబెట్టుకున్నదానితో పాటు కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా అప్పు అవసరమయ్యాయి. ఇద్దరూ ఇతరుల చేయూతతోనే సముద్రం దాటారు. కాని ఒకరి చేయూతను ప్రోత్సాహం అంటారు, రెండో వారి వారసులకు అందే చేయూతను రాయితీ అంటారు. అమెరికా పట్టాతో తిరిగివచ్చిన అంబేడ్కర్‌కు బరోడాలో తలదాచుకోను అద్దె గది దొరకలేదు. సుబ్బారావు తిరిగి వచ్చి ఉంటే ఏ అగ్రహారమూ తలుపు మూసేది కాదు. పేదరికానికీ కులానికీ తేడా ఇదీ.

నేడు దేశం మొత్తానికి కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్పులు ఏటా 125. భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద విదేశాల్లో పరిశోధించేవారికి అవి వర్తించవని 2022లో నిబంధన పెట్టారు. కులం గురించి చదవాలనుకునే దళిత విద్యార్థికి ఆ దారి మూసుకుపోయింది. బీసీ విద్యార్థులకు, అంటే నా విద్యార్థిని వంటివారికి, రాష్ట్ర ప్రభుత్వ పథకాలే దిక్కు. ఒక కూలీల మేస్త్రీ తన వీలునామాతో చేసినదాన్ని గణతంత్ర రాజ్యం చట్టంతో, బడ్జెట్‌తో ఇంకా విశాలంగా చేయాలని కోరడం అత్యాశ కాదు.

వారం తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. రాయమన్నాను. తప్పిన పరీక్ష గురించి రాయమన్నాను. ఆ ఏడాది తుపాను మూలంగా వేట లేక తల్లితో పాటు తానూ తట్ట మోసిన సంగతి రాయమన్నాను. తండ్రి వృత్తిని జాలి కోసం కాక, వాస్తవంగా రాయమన్నాను. ఉప్పు, ఎండ, చేప చెడిపోయే తీరు - ఇవన్నీ ఆమె మొదటి జీవరసాయన పాఠాలు. వాటిని దాచుకుని, ఇంగ్లీషు బడిలో చదివిన మరొకరి జీవితాన్ని తన మీద కప్పుకోవలసిన అవసరం లేదు. అలా రాస్తే సీటు వస్తుందని నేను హామీ ఇవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయాల కొలతలు ఎంత వంకరవో వాటి చరిత్రే చెబుతోంది. కాని ఆ వంకర కొలతల కోసం మన బతుకును మనమే కొట్టివేసుకుంటే, ఎవరి చెమట మీద ఏ చదువు నిలబడిందో రేపటివారికి తెలిసే దారి ఉండదు.

ఆమె కాగితం మీద తండ్రి పేరు పక్కన ఆయన చేసే పని రాసుకుంది. ఇక ఓడ ఛార్జీ సంగతి తేలాలి. అది ఆమె ఒక్కతి సమస్య కాదు. ఫోలిక్ ఆమ్లం మాత్ర మింగిన ప్రతి ఇంటికీ అందులో బాకీ ఉంది.